కొసరు

ఆసుపత్రి క్యాంటీనుకి పంపాలంటే
ప్రతి పొట్లం మీదా చీటీ ఉండాలట:
కెలోరీలెన్ని, కొవ్వెంత, ఉప్పెంత.
అందుకే నన్ను పిలిచారు.
క్లీవ్‌లాండ్‌లో, టేలర్ రోడ్డు మీద,
మంచు దులుపుకుని లోపలికెళ్ళి
గాజుబల్ల మీద నా త్రాసు పెట్టాను.

జెలిగ్ వాక్స్‌మన్ దాన్ని
జప్తుకొచ్చిన అమీనాని చూసినట్టు చూశాడు.

ఆవిరిపెట్టెలోంచి పస్త్రామీ తీశాడు.
పదిరోజులు ఉప్పునీళ్ళలో ఊరి
మిరియాలూ ధనియాలూ ఒళ్ళంతా పూసుకుని
పొగలో నల్లబడ్డ కండ,
ముట్టుకోకముందే వణుకుతోంది.
ధనియాలు నాకు తెలుసు.
ఇంత ఓపిగ్గా కమరిన ధనియాలు తెలీవు.

కత్తి నారకి అడ్డంగా, తొందర లేకుండా నడిచింది.
రై రొట్టె రెండు ముక్కలు,
ఒకదాని మీద ఆవముద్ద ఒక గీత.
వెన్న లేదు, జున్ను లేదు.
"కాల్షియం గడిలో ఏం రాయను?"
"పాలూ మాంసమూ మా ఇంట్లో మాట్లాడుకోవని రాయి."

మొదటిది పదకొండు ఔన్సులు.
రెండోది తొమ్మిది.
మూడోది, బస్సు తోలే ఆవిడ కోసం కట్టింది, పద్నాలుగు.
ఇలాగైతే ఎలాగండీ అన్నాను.
"ఆవిడకివాళ రెండు డ్యూటీలు."
మరి ఆ తొమ్మిది?
గొంతు తగ్గించాడు.
"మార్చిలో గుండెకి గొట్టం వేశారు.
తగ్గించానని ఆయనకి తెలీదు. నువ్వు చెప్పకు."

ఉప్పు మాత్రం ఎవరికైనా ఒకటే:
ఇవాళ్టికి సరిపోగా
రేపటి దగ్గర కొంత అప్పు.

గోడ మీద కోషర్ అని ఉంది.
నా నాలుక దాన్ని కొసరు అని చదివింది.
నవ్వొచ్చి, ఆయనకి చెప్పాను:
తూకం అయిపోయాక కూరలమ్మి
సంచిలో పడేసే గుప్పెడు పచ్చిమిరపకాయలు.
"దానికి డబ్బు?"
లేదు.
"అడగొచ్చా?"
అడక్కుండా ఎవరూ సంచి మూయరు.

కాసేపు మాట నమిలాడు.
"కొసర్" అన్నాడు, తన యాసలో,
త్రాసు మీద ఇంకో ముక్క వేశాడు.
అంకె కంగారుపడింది.

సగటు కట్టాను. ఎనిమిది వందల నలభై.
చీటీలో అంతే పట్టింది.

సాయంత్రం బస్సులో
నా పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాను.
తోలేది ఆవిడే.
ఎర్రదీపం పడ్డప్పుడల్లా
కాగితం చప్పుడు.
నాది ఎన్ని ఔన్సులో
త్రాసు సంచిలోనే ఉన్నా చూసుకోలేదు.
తొమ్మిదేమో అని భయం.