గ్లూకోజు ఉన్నంతసేపు

రాత్రి పదకొండున్నర.
హెబ్బాళ ఫ్లైఓవర్ మీద లారీలు
ఇంకా గేర్లు మారుస్తూనే ఉన్నాయి.
మూడో అంతస్తులో, ముప్పై డిగ్రీల వెచ్చదనంలో
షేకర్ మీద పన్నెండు ఫ్లాస్కులు
పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి.
ఆపి చూశాను.
పదకొండింట్లో పల్చటి మజ్జిగ.
పన్నెండోదాంట్లో పైనంతా తేట,
అడుగున ముద్దలు.

ఖాళీ సీసాల కోసం వచ్చిన మునిరత్నమ్మ
దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టి,
"ఏమ్మా, పాలు ఇరిగినట్టుండాయే, పారబోసేదా?" అంది.
ఆమెది చింతామణి.
ఈ భవనంలో నాతో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే.

వద్దొద్దు, అందులో
నా నాలుగేళ్ళున్నాయి.

ఆమెకి ఎలా చెప్పను,
ఈస్టు కణం లోపల ఒక పల్లకీ తిరుగుతుందని.
పల్లకీలో సైక్‌ఎయిట్ ఒకరు,
బోయీలు నలుగురూ టప్‌వన్‌లే.
వాళ్ళకి డీఎన్‌ఏ చదవడం రాదు.
చదువొచ్చిన మిగ్‌వన్ ఎక్కడ వేలు పెడితే
ఆ గుమ్మం ముందు దిగుతారు.
దిగి, అరవరు. కొట్టరు.
హిస్టోన్ల తోకలకి అంటుకున్న ఎసిటైల్ గుర్తుల్ని
మనుషుల్ని పెట్టి గిల్లించేస్తారు.
పూసలు దగ్గరికి జరుగుతాయి.
దారం కనబడదు.

జన్యువు చెరిగిపోదు సుమా,
ఒక్క అక్షరమూ రాలదు.
చదివేవాళ్ళకి కూర్చోను చోటుండదు, అంతే.

గ్లూకోజు ఉన్నంతసేపు
పంచదారని విరగ్గొట్టే జన్యువు నోరు మెదపదు.
వండిన అన్నం ముందుంటే
వడ్లు దంచేదెవరు?
అది కాస్తా నిండుకోగానే
మిగ్‌వన్ కేంద్రకం దాటి బయటికి నడుస్తుంది.
పల్లకీ మాత్రం చాలాసార్లు అక్కడే ఉంటుందట,
ఊరుకోమన్నవాళ్ళే ఇక లెమ్మంటారట.
ఈ మాట చెప్పేటప్పుడు
ప్రొఫెసర్ బెళ్ళియప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

నేను టప్‌వన్‌ని తీసేశాను.
బోయీలు నలుగురూ పోయారు.
అణిగి ఉన్నవన్నీ ఒక్కసారే మాట్లాడాయి,
అందులో గోడలకి జిగురు పూసేవి కూడా.
ప్రతి కణమూ పక్కదాని చెయ్యి పట్టుకుంది.
పట్టుకుని, మునిగింది.
మీటరులో పెడితే అది పైనున్న తేటని చూసి
ఇక్కడేమీ పెరగలేదంటుంది.

ఇంతా చెప్పలేక
"ఊరుకోండని చెప్పేవాళ్ళని తీసేశా,
ఇట్లా ముద్దయిపోయినాయి" అన్నాను.

మునిరత్నమ్మ బ్రష్షు పక్కన పెట్టింది.
"మా వీధిలో నీళ్ళ ట్యాంకరు కాడా అంతే.
పాపక్క రాని దినం
ఒకరి కొప్పు ఒకరి చేతిలో ఉంటాది.
ఆయమ్మ బిందె ముట్టదు. పైపూ ముట్టదు.
ఊరికే నిలబడుంటాది."

బిందె ముట్టదు.
నా థీసిస్‌లో రెండో అధ్యాయం, ముప్పైనాలుగు పేజీలు,
ఆ మాట చెప్పడానికే.

"మరి ఆ పాపక్కని నిలబెట్టిందెవరు?" అన్నాను.
"ఎవరికి తెలుసు" అని
సీసాల బుట్ట చంకనేసుకుని వెళ్ళిపోయింది.

నిన్న మీటింగులో
నేను గీసిన పటం తెర మీదికొచ్చింది.
కింద ఇంకొకరి పేరు.
తొమ్మిదిమందిమి ఉన్నాం గదిలో.
ఎవరూ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు.
అన్ని మాటలూ ఉన్నాయి నాలో,
ఒక్కటీ చెరిగిపోలేదు.
ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఫెలోషిప్ ఇంకా ఏడు నెలలుంది.

పన్నెండో ఫ్లాస్కుని
చేత్తో గట్టిగా తిప్పాను.
ముద్దలు లేచి గిర్రున తిరిగాయి,
తుఫానులో బియ్యపు నూకల్లా.
గడియారం చూస్తూ నిలబడ్డాను.
నలభై సెకన్లు.
మళ్ళీ కూర్చున్నాయి.