పొట్లాల లెక్క

గోడకి ఇవతల మా వల.
గోడకి అవతల వాళ్ల బరి.
మధ్యలో, గోడ కూలిన చోట,
వేయించిన శెనక్కాయల తట్టతో మస్తాన్‌బీ.

గుంటూరు కొత్తపేటలో, సాయంత్రం అయిదున్నరకి
తెల్ల నిక్కర్లు తొడుక్కుని అయిదుగురం దిగేవాళ్లం:
ఇద్దరు బ్యాంకు గుమాస్తాలు, ఒక డ్రాయింగు మాస్టారు,
తాలూకాఫీసు టైపిస్టు, నేను.
బాల్ బ్యాడ్మింటన్ అంటే అప్పట్లో
ఇస్త్రీ చేసిన ఆట.
పసుప్పచ్చ ఉన్ని బంతి బ్యాటు నరాల మీద పడితే
పెద్ద చప్పుడేం కాదు,
పక్కగదిలో ఎవరో పుస్తకం మూసినట్టుండేది.

అవతల మిర్చి కొట్ల నించి హమాలీలు.
బస్తాలు దించిన భుజాలతోనే
చొక్కాలు విప్పి చెడుగుడుకి దూకేవాళ్లు.
వాళ్ల ఒంటి ఘాటు గాలివాటుగా ఇటొచ్చి
సర్వీసు చేస్తూ చేస్తూ తుమ్మేవాణ్ణి.
పాయింటు పోయేది.
"ఫౌల్!" అని అరిచేవాడు డ్రాయింగు మాస్టారు
ఎవరి మీద వెయ్యాలో తెలీక.

వాళ్ల కూతగాడు మా బావ శౌరయ్య.
అక్కని చేసుకోకముందే నాకు అతనంటే పడదు,
చేసుకున్నాక బొత్తిగా పడదు.
ఆదివారం పూజ నించొచ్చి కోడికూర ముందు కూచుంటే చాలు,
"ఏం ఇన్నయ్యా, నిన్నెంత మందొచ్చారేంటి
అటూ ఇటూ మెడలు తిప్పుకోటానికి?"
"మీకొచ్చేవాళ్లు ఆట చూట్టానికి కాదులే బావా,
ఎవడి కాలు విరుగుద్దో చూట్టానికి."
అక్క గరిటెతో అంపైరింగు.

ఒక డిసెంబరు శనివారం
రెండు ఫైనళ్లూ ఒకే పూట పడ్డాయి.
తలలు లెక్కపెడదామంటే జనం నిలకడగా ఉండరు.
గోడెక్కి కూచున్నవాడు రెండూ చూస్తాడు,
వాణ్ణి ఏ ఖాతాలో రాయాలి?
అక్కే తేల్చింది:
మస్తాన్‌బీ ఎటు ఎన్ని పొట్లాలమ్మిందో అడగండి.

మా వైపు నూట పన్నెండు.
అటు అరవై మూడు.
ఆ రాత్రి కూరలో కార్జం ముక్క
అడిగి మరీ వేయించుకున్నాను.
బావ మెతుకులు కెలికి లేచిపోయాడు.

సోమవారం మస్తాన్‌బీ నవ్వింది.
"ఏందయ్యా నీ పిచ్చి! అటు నాలుగొందల మంది.
కూతెత్తితే ఒక్కడు నమిలితే ఒట్టు.
లోపల ఆ పిల్లోడి ఊపిరి ఆగితే
బయట ఈళ్ల దవడలాగుతయ్.
మీ కాడే, పాపం, నోటికి తీరికుంటది."

ఆ మాట బావకి చెప్పలేదు.
ముప్ఫై ఎనిమిదేళ్లు.

ఇప్పుడక్కడ గోడ లేదు. వలా లేదు, బరీ లేదు.
కార్లు పెడతారు.
టీవీలో కబడ్డీ వస్తే "చూశావా?" అంటాడు గానీ
కాసేపటికి తనే ముఖం తిప్పుకుంటాడు,
"బూట్లేంటి, ఆ రబ్బరు చాపేంటి, మట్టి అంటకుండా."
మనవడు రిమోట్ లాక్కుని క్రికెట్ పెడతాడు.
ఇద్దరం ఏమీ అనం.
నా పసుప్పచ్చ బంతి మాత్రం
ఏ ఛానల్లోనూ రాలేదు.

మొన్న పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
బావ చేతికి పంపు ఇచ్చింది.
పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలట.
"పదా?" అన్నాడు, అవమానం జరిగినట్టు.
ఏళ్లకేళ్ల మిరప దుమ్ము
లోపల బస్తాలు దించుకుని కూచుంది మరి.

బయట సిమెంటు బల్ల మీద మళ్లీ ప్రయత్నించాడు.
నేను పక్కనే, అప్పుడే కొన్న పొట్లంతో.
వేళ్లు మడుస్తున్నాడు.
నాలుగు. అయిదు.
మెడనరం లేచింది, వెనకటి లాగే.
ఆరు.
ఏడు దగ్గర దగ్గొచ్చి ఒంగిపోయాడు.
తేరుకున్నాక నా వంక చూశాడు,
గీత గీసిన వాడి వంక చూసినట్టు.

"తాకావులే బావా," అన్నాను,
మాట సరిగా పెగల్లేదు.
నోట్లో శెనక్కాయ గింజ,
ఎప్పుడేసుకున్నానో,
ఇంకా అలాగే ఉంది.