రెక్క కింద నరం

బేతంచెర్ల నుంచి రెండు బస్సులు మారి
కర్నూలు పశువుల ల్యాబుకు గంపతో వచ్చింది దస్తగిరమ్మ.
గంప మీద తడి గోనెపట్ట,
పట్ట కింద మూడు కోళ్ళు, చప్పుడు లేకుండా.
చప్పుడు చెయ్యని కోడిని చూస్తేనే
నాకు మొదటి అనుమానం.

"ఏ జాతి?" అన్నాను ఫారం నింపుతూ.
"దూదేకులోళ్ళం సారూ."
"నీది కాదమ్మా, కోళ్ళది."
"అవా, నాటువి.
వారం నుంచి ముడుచుకొని కుచ్చున్నాయి.
గింజలేస్తే చూస్తాయే గాని ముట్టవు.
రెట్టలో నెత్తురు."

పెట్టను ఒళ్ళో వెల్లకిల వేసుకున్నాను.
మిరపపండులా ఉండాల్సిన తురాయి
ఉతికి ఉతికి వెలిసిన జాకెట్టు ముక్క.
కాళ్ళ మీది పసుపును ఎవరో గీకి పట్టుకుపోయారు.
రెక్క విప్పి, నాలుగీకలు పీకి, స్పిరిట్ అద్దితే
చర్మం కింద నీలంగా ఒక దారం.
సూదిలోకి వచ్చింది రక్తమే,
నలుగురు వస్తారనుకొని కాచి
పదిమందికి పంచిన చారులా.

కోడి నెత్తురు మన నెత్తురు లాంటిది కాదు.
మన కణాలు బొటనవేలితో నడిమికి నొక్కిన పిండిబిళ్ళలు,
లోపల ఏమీ ఉండదు.
కోడివి కోలగా ఉంటాయి,
ఒక్కోదాని కడుపులో ఊదారంగు గింజ.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా
కటకం కింద ప్రతిసారీ ఎవరో విత్తిన చేనే కనబడుతుంది.
ఈసారి చేను అక్కడొక మొలక, అక్కడొక మొలక.

దారిలోనే చచ్చిన మూడోదాన్ని కోశాను.
గుడ్డిపేగులు రెండూ నేరేడుపండ్లు కుక్కిన సంచులు.
గీరి చూస్తే వేలకు వేల గుండ్రటి తిత్తులు:
గుడ్లు పెట్టే దాని లోపల
ఇంకెవరో గుడ్లు పెడుతున్నారు.

మిగతా కథ అంకెల్లో వచ్చింది.
పేగు గోడ కూలినచోట నెత్తురు జారుతుంది,
మాంసకృత్తులు దాని వెంటే పోతాయి.
తిండి లోపలికి రాదు.
కాలేయం గాదె తాళం తీసి
ఉన్నది ఊడ్చి పంచుతుంది, తర్వాత
కండను కరిగించి చక్కెర చెయ్యమంటుంది.
కండ ఎన్నాళ్ళని?
రెండువందల ఇరవై ఉండాల్సిన చక్కెర నూట ముప్పై ఒకటి.

మా అటెండరు మద్దిలేటి తొంగి చూశాడు,
పరగడుపున తనకు రెండువందల ఇరవై.
"దాని చక్కెర నాకు, నా చక్కెర దానికి
మార్పించు సార్, ఇద్దరం బతుకుతాం" అన్నాడు.
నవ్వాను. దస్తగిరమ్మ నవ్వలేదు.

"నెత్తురు తగ్గిందని దేంతో తెలిసె?" అంది.
తురాయి చూపించాను, నోటి లోపల చూపించాను.
ఆమె కాసేపు ఊరుకుంది.
తర్వాత బండల పాలిష్ బూడిద ఇంకా గోళ్ళలో ఉన్న చేత్తో
తన కంటి కింది రెప్పను కిందికి లాగి
నా ముఖం దగ్గరికి తెచ్చింది.
"ఇది గూడా సూడు సారూ."

మాది పశువుల ల్యాబు.
మనిషికి సూది గుచ్చే కాగితం నా దగ్గర లేదు.
చూడటానికి కాగితం అక్కర్లేదు కదా.
రెప్ప లోపల తెల్లగా, సున్నం కొట్టిన గోడ.

మందు నీళ్ళలో కలిపి ఐదు రోజులు తాపమన్నాను.
గూటిలో తడి ఉండకూడదని,
వరిపొట్టు పరచమని,
పొడి చోటు చూసి పెట్టమని చెప్పాను.
"పొడి చోటుంటే మేమే పండుకుంటుంటిమి" అంది.
కోపంగా కాదు. లెక్క చెప్పినట్టు.

పెద్దాస్పత్రికి చీటీ రాద్దామంటే
చేతికి అందింది కోళ్ళ ఫారమే.
వెనక్కి తిప్పి ఆమె పేరు రాశాను,
వయసు అడిగితే "నువ్వే ఎయ్యి" అంది.
రెండు కోళ్ళను గంపలో సర్దుకొని
ఆ కాగితాన్ని రవికెలో దోపుకొని వెళ్ళింది.
ఆస్పత్రి వైపో, బస్టాండు వైపో
కిటికీలోంచి తెలియలేదు.

బల్ల మీద గొట్టంలో రక్తం తేరుకుంటోంది.
పైన రంగులేని నీళ్ళు,
అడుగున ఎరుపు,
గోరంత.