ముప్పై డిగ్రీల వాలు

రియెకా ఓడల కార్ఖానాలో
ముప్పైయేళ్లు పైపులు బిగించిన వ్లాత్కో
రాత్రి బడిలో మౌస్ పట్టుకున్నాడు,
పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు.

"ఎఫ్-ఫైవ్ నొక్కండి" అంటుంది నెవెంకా,
అతని కూతురికన్నా చిన్నది.
నొక్కిన కొద్దీ కర్సర్ ఒరుగుతుంది:
ఎడమ గోడ, నేల, కుడి గోడ.

పైపు నోరు గుండ్రంగా గీశాడు.
తప్పట. ఇక్కడ సున్నా కోడిగుడ్డవ్వాలి.
"గుండ్రమని నా చేతులకు తెలుసు" గొణిగాడు.
"కంటికి తెలీదుగా" అందామె.

దూరపు వాల్వు
దగ్గరి వాల్వంతే ఉంది.
"చిన్నది చేయనా?"
"వద్దు. ఐసోమెట్రిక్‌లో
దూరం దేన్నీ తగ్గించదు."

ఇంటికెళ్లే బస్సులో
రేవు క్రేన్లు ఒక్కొక్కటే చిన్నవవుతుంటే
అద్దం మీది ఆవిరిలో
చిట్టచివరి క్రేన్‌ను మొదటిదంత గీశాడు.
కాళ్లకు చోటు చాల్లేదు,
అద్దం అక్కడితో అయిపోయింది.