నరసాపురం రేవులో కారు టికెట్టు

పంటు మీద బళ్ళు సర్దే పని నాది.
బైకులు పక్కకి, ఆటోలు మూలకి,
మేకపిల్లతో వచ్చినవాణ్ణి తాడు దగ్గరికి.
బరువు ఒకవైపు ఒరిగితే గోదారి ఊరుకోదు.

ఇవాళ ఏడున్నర ట్రిప్పుకి
వరాహరాజు గారి కొత్త బండి రేవులోకి దిగింది.
దిగడం కాదు, ఊరేగింది.
నా ఛాతీ ఎత్తు బానెట్టు, పొగాకు రంగు అద్దాలు,
ఒక్కో టైరూ మా ఇంటి కుడితి గోలెమంత.
లారీ టికెట్టు కొయ్యాలా, కారుదా అని
నేను తల గోక్కుంటుంటే
డ్రైవరు కుర్రాడు సింహాద్రి చెవిలో చెప్పాడు:
"బాబాయ్, ఈ కంపెనీ ఒకప్పుడు పందెం కార్లే చేసేది.
ఇద్దరే పట్టేవి. రోడ్డుకి పొట్ట ఆనించి పరిగెత్తేవి.
ఇప్పుడివి చేస్తోంది. ఇవే అమ్ముడవుతున్నాయంట."

నాకు మా పెదమామ గుర్తొచ్చాడు.
కాకి, డేగ, నెమలి, పచ్చకాకి,
ఆయన మేపినట్టు పుంజుల్ని మేపినవాడు చుట్టుపక్కల లేడు.
చివరికి పెనుగొండ రోడ్డులో బాయిలర్ షెడ్డు వేశాడు.
ఊరు నవ్వింది.
ఆ బాయిలర్ల డబ్బుతోనే ఆయన
పెరట్లో ఒక్క డేగకి బాదంపప్పు నానబెట్టేవాడు.
కంపెనీవాడూ అంతేనేమో.
ఎక్కడో ఒక షెడ్డులో, రాత్రిపూట,
ఒక్క పందెం కారుకి ఒళ్ళు రుద్దుతుంటాడేమో.

వెనకాలే కొప్పాడి నాగవేణి బండి.
పొడుగు బండి. పైకప్పు తోకదాకా చాప పరిచినట్టుంటుంది.
పదిహేనేళ్ళ కిందట ఎవరూ కొనకపోతే
షోరూంవాడు సగం ధరకి వదిలించుకున్నది.
"శవాల బండిలా ఉందమ్మా" అన్నారు చూసినవాళ్ళు.
వెనక రొయ్యపిల్లల సంచులు,
సంచుల పక్కన నిద్రలో ఇద్దరు పిల్లలు,
ముందు సీట్లో అత్తగారు, ఒళ్ళో టిఫిన్ కేరేజీ.
బానెట్టు కింద మాత్రం పందెం రక్తమే.
ఆ సంగతి చించినాడ వంతెన మీద
ఆవిడ వెంట పడ్డవాళ్ళకి తెలుసు.
సంచిలో ఆక్సిజన్ ఎంతసేపు నిలుస్తుందో
దాన్నిబట్టి ఆవిడ వేగం.
రాజుగారి వేగం దేన్నిబట్టో నాకు తెలీదు.

పంటు కదిలింది.
అన్ని గుర్రాల బలమూ హ్యాండ్‌బ్రేకు పట్టుకుని కూచుంది.
పాత లారీ నుంచి ఊడదీసిన మా ఇంజనొక్కటే
దగ్గుతూ అందర్నీ మోస్తోంది.
రాజుగారు అద్దం దించి, పైనుంచి వంగి,
"ఏమ్మా, ఎత్తు బండి తీసుకోకూడదూ?" అన్నారు.
"ఎత్తుబండి మలుపులో ఊగుతుందండి. పిల్లలకి పడదు."
ఏ పిల్లలకో చెప్పలేదు.

సఖినేటిపల్లి వైపు ఏరు పాటు మీదుంది.
పలకకీ గట్టుకీ జానెడు తేడా.
పెద్దబండి గేదె గట్టెక్కినట్టు ఎక్కేసింది.
నిజం చెప్పాలి, బాగా ఎక్కింది.
పొడుగుబండి పొట్ట పలకకి తగిలి
గర్రుమని ఆగిపోయింది.
అత్తగారు దిగింది. పిల్లలు లేవలేదు.
సింహాద్రి తోశాడు, నేను తోశాను,
చూస్తే మూడో భుజం రాజుగారిది,
ఇస్త్రీ చొక్కాతో, మోకాలిదాకా ఒండ్రులో.

ఎక్కింది. నాగవేణి చెయ్యెత్తి, గేరు మార్చింది.
అంతర్వేది రోడ్డు మీద ఆ వెండి రంగు
కాలవలో కొరమీను తోక తిప్పినంతసేపు కనపడి,
లేదు.

రాజుగారు అలాగే నిలబడి చూశారు.
"ఇలాంటివి ఇంకా చేస్తున్నారంట్రా?"
"చేస్తున్నారంటండి. ఇక్కడ అమ్మరు."

రెండిటికీ కారు టికెట్టే కోశాను.
రాజుగారి ఎడమ చెప్పు
మధ్యాహ్నం ఒండ్రులో దొరికింది.
కడిగి టికెట్ల పెట్టె మీద పెట్టాను.
ఆయనింకా రాలేదు.