ఎత్తి చూడు

మొదట తెలిసింది కంటికి కాదు, చేతికి.
మాపటేళ గంప కింద మూస్తా
చుక్కల పెట్టను రెండు చేతులా ఎత్తితే
ఎండిన సొరబుర్రను ఎత్తినట్టుంది.
ఈకల్లోకి వేళ్లు పోనిస్తే
రొమ్మెముక
కొడవలి వెన్నులా తగిలింది.

తింటానే ఉందే!
నూకలు, సద్దలు, దోసె మాడు,
పక్కింటోళ్ల రాగుల బస్తాకు పడిన చిల్లి దగ్గర
దొంగతనంగా ఇంకాస్త.
తిన్నదంతా ఎవురి కడుపులోకి పోతా ఉన్నట్టు?
తురాయి ఎరుపు దిగిపోయి
ఉతికి ఉతికి వెలిసిన రవికె రంగుకొచ్చింది.
గుడ్డు పెంకు గోరు తగిలితే సొట్టపోతా ఉంది.

మా అత్త దొరసానమ్మ
దిష్టి అనింది.
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.
కోళ్లు తుమ్మినాయి. మేమూ తుమ్మినాం.

మర్నాడు రెట్టలో ఏదో కదిలింది.
మిద్దె మీద ఆరబోసిన సేమ్యా పోగొకటి
ప్రాణమొచ్చి మెలితిరిగినట్టు.
అత్త దిష్టి మాట మళ్లీ ఎత్తలేదు.
ఆ నెలంతా సేమ్యా కూడా ముట్టలేదు.

బంగారుపాళ్యం పశువుల ఆస్పత్రిలో
కాంపౌండరు దస్తగిరి అడిగినాడు
"ఎన్నుండాయి?"
"పదకొండు. మొక్కుబడి పుంజుతో పన్నెండు."
చిన్న సీసా చేతిలో పెట్టినాడు.
"రాత్రికి నీళ్లు తీసెయ్. తెల్లారి దప్పికతో వస్తాయి,
అప్పుడు మందు కలిపిన నీళ్లు పెట్టు.
నేను చెప్పిందాకా గుడ్లు అమ్మొద్దు, కోయొద్దు."

కోయొద్దు అన్న మాట
బస్సులో నా ఒళ్లో కూర్చుని ఇంటికొచ్చింది.
జాతరకు పదిహేను దినాలే ఉంది.

"గంగమ్మకు చెప్పిన పుంజుకు మందు పోస్తావా?"
"పురుగుల పుంజునిస్తావా అత్తా, అమ్మకు?"
ఆమె మాట్లాడలేదు.
చీపురు గోడకానించి
పోయి పుంజును తానే పట్టుకుంది,
సంతలో బేరానికి ఎత్తినట్టు పైకీ కిందికీ ఊపింది.
ఒకసారి. ఇంకోసారి.
"పొయ్యి. వచ్చే ఏటికి వాయిదా
నేను అడుక్కుంటాలే."

నన్నట్లా ఎత్తి చూసినోళ్లు లేరు చిన్నప్పుడు.
అమ్మకు బరువై కాదు,
పొద్దు లేక.
బళ్లో వరసగా నిలబెట్టి ఇచ్చిన తెల్ల బిళ్లను
చప్పరించొద్దన్నా చప్పరించినా.

రాత్రి చట్టిలో నీళ్లు పారబోసి
దాన్ని బోర్లించినా.
కుళాయి చుక్కలు కారే చోట గుడ్డ చుట్టినా.
అయినా తెల్లారేసరికి ఒకటి
గోనెసంచి మీది మంచును
ముక్కుతో తుడుస్తా కనబడింది.
మందు నీళ్ల మీద పడినాయి చూడు,
కల్యాణంలో ఆఖరి పంక్తి లేచినట్టు!
తాగి తలెత్తి
ఆకాశానికి గుటక చూపించి
మళ్లీ వంగినాయి.

తర్వాతి రెండు దినాలూ
పారతో మామిడాకుల చెత్తంతా గీకి
గుంటలో పూడ్చి సున్నం చల్లినా.
ఎన్ని పడినాయో మొదట లెక్కపెట్టినా,
ముప్ఫై దాటినాక కండ్లు తిప్పుకున్నా.

టీ అంగడి చెంగల్రాయులు ఆమ్లెట్లకు గుడ్లడిగితే
లేవంటిని.
గూట్లో తొమ్మిది కనబడతానే ఉన్నాయి.
యాడో ఎక్కువ ధర దొరికిందనుకున్నాడు పాపం,
వారం దినాలు టీలో చక్కెర తగ్గించినాడు.
ఆ తొమ్మిదీ గుంటలో పగలగొట్టేటప్పుడు
అత్త అవతలికి తిరిగి నిలబడింది.

మూడు వారాలకు ఇంకో విడత.

నిన్న మాపు మూసేముందు
చుక్కలదాన్ని ఎత్తబోతే
కాలితో గట్టిగా తన్నింది.
ముంజేతి మీద ఎర్రటి గీత,
ఇంకా మండతా ఉంది.
అత్తకు చూపించినా.
పసుపు పెట్టకుండా
ముందు నవ్వింది.

పుంజు కూస్తా ఉంది
దడి మీద,
వాయిదా సంగతి తెలీకుండా.