మూడో అధికరణం, పది గజాలు

పర్లాకిమిడి కోర్టు గోడ పక్కన
రేకు నీడలో నా బల్ల.
ముప్పయ్యొక్కేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను,
మూడు లిపుల్లో.
ఒడియా అక్షరాలకి గొడుగు పడతాను,
తెలుగు అక్షరాలకి తలకట్టు కడతాను,
ఇంగ్లీషుకి ఏమీ కప్పను,
దానికి ఎండ తగలదు.

ఒక బుధవారం దుంపల రాజులమ్మ వచ్చింది.
సంచీ దించి, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని
"బావూ, పార్లమెంటుకో కాయితం రాయాల" అంది.

పెన్ను మూత తీయలేదు నేను.
తహసీల్దారుకి రాశాను, కలెక్టరుకి రాశాను,
మరీ కోపంగా ఉన్నవాళ్ళ తరఫున
ముఖ్యమంత్రిక్కూడా రాశాను.
పార్లమెంటుకి రాయమని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"సంగతేటి?"
"గీత జరపాల.
మా ఇల్లు ఒడిసాలో ఉంది, మా నుయ్యి ఆంధ్రాలో ఉంది.
మజ్జిన పది గజాలు.
మోటారు ఎడదామంటే
కరెంటు ఈలది, నీళ్ళు ఆలవి,
తీగ దాటకూడదంట.
కప్పలు దాటతన్నాయి, నాను సూత్తన్నాను."

సొరుగులో రాజ్యాంగం ఉంది నాకు,
అట్ట ఊడిన పాత ప్రతి,
స్టాంపులు మడత పడకుండా దాచడానికి పనికొస్తుంది.
తీసి మూడో అధికరణం చదివి చెప్పాను.
పార్లమెంటు కొత్త రాష్ట్రం చేయవచ్చు.
ఉన్నదాన్ని పెంచవచ్చు. తగ్గించవచ్చు.
హద్దులు మార్చవచ్చు. పేరూ మార్చవచ్చు.
కాగితం మీద ఎంత తేలికో
ఆ "వచ్చు", ఏరిన దూదిలాగ.

మా తాత ముప్పయ్యారులో, మార్చి ఆఖరు రాత్రి
మద్రాసు రాజధానిలో పడుకుని
తెల్లారి ఒరిస్సాలో లేచాడు.
ఆ మంచమే. ఆ దోమలే.
అప్పటి పార్లమెంటు సముద్రాల అవతలిది,
దానికి మా ఊరి పేరు నోరు తిరగదు.
ఇది మనది,
వేలికి సిరా పూయించుకుని మనం నిలబెట్టినది,
అని రాజులమ్మకి చెబుతూ
నాకు నేనే కాస్త గట్టిగా చెప్పుకున్నాను.

"ఈ రాష్ట్రం ఆ రాష్ట్రం ఒప్పుకోవాలా?"
"అక్కర్లేదు. అభిప్రాయం అడుగుతారు, గడువు పెడతారు.
కాదన్నా చట్టం చేయొచ్చు.
మూడింట రెండొంతులూ అక్కర్లేదు,
ఓటేసినవాళ్ళలో సగం మీద ఒక్కటి చాలు."
"నన్నడుగుతారా?"

పేజీ అంతా వెతికాను.
అడుగున రెండు వివరణలున్నాయి, చిన్న అక్షరాల్లో.
రాజులమ్మ లేదు వాటిలో.

ఆవిడ మళ్ళీ చుట్ట వెలిగించి
నిప్పు వేపు నోట్లో పెట్టుకుంది,
మా వేపు ఆడవాళ్ళ అలవాటు.
కాల్చే కొస లోపల ఉంచుకునే
అంత నెమ్మదిగా అడిగింది:
"ఈ వేపు ఎంపీ, ఆ వేపు ఎంపీ
ఒక్క గదిలోనే కూకుంటారా?"
"ఒక్క గదిలోనే."
"మరి మాటాడుకోరా?"

దానికి అధికరణం దొరకలేదు నాకు.

రాశాను. పది గజాలు కొట్టేసి
తొమ్మిది మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు అని రాశాను.
రిజిస్టరు పోస్టు.
తపాలా కేంద్రం జాబితాలోది,
ఏ గట్టునా ఆగి అడగక్కర్లేదు.
రసీదు కొంగున ముడేసుకుని వెళ్ళింది.

మళ్ళీ బుధవారం వచ్చింది.
సంచీ లేదు. కూర్చోలేదు.
"గీత జరిగితే నుయ్యి ఇటొచ్చేత్తాది కదా బావూ?"
"వస్తుంది."
"నూతికి అటేపు ఎర్నమ్మ ఇల్లు.
దానికీ అదే నుయ్యి.
అప్పుడది నాలాగ ఈ బల్ల కాడికే వొత్తాది.
కాయితం ఎనక్కి తేగలవా?"

రైలెక్కిన ఉత్తరాన్ని ఎవరు దింపగలరు.
ఇంకో కాగితం తీశాను.
రాజులమ్మ చెబుతూంటే రాశాను:
గీత ఉన్నకాడే ఉండనీండి. తీగని దాటనీండి.

పైన
"ఏ అధికరణం కింద" అన్నచోట
రెండు వేళ్ళ జాగా వదిలాను.